ఒక్క ఓటు ప్రతిపక్షం: హెలెన్ సుజ్మన్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

జాతివివక్ష కాలపు దక్షిణాఫ్రికా ప్రస్తావన వచ్చినప్పుడల్లా నెల్సన్ మండేలా గురించి వివరంగా తెలిసినవారికి కూడా హెలెన్ సుజ్మన్ విషయంలో కొన్ని సందేహాలు మిగిలిపోతుంటాయి. నల్లవారికి ఓటే లేని సభలో ఒక తెల్లజాతి మహిళ సాధించిందేమిటి, ప్రభుత్వం ఆమెను ఎందుకు ఉపేక్షించింది, అసలు ఆమెను పొగడాలా తప్పుపట్టాలా అన్నవి వాటిలో ముఖ్యమైనవి. ఇవే ప్రశ్నలు మాటిమాటికీ ఎదురవుతున్నందున జవాబులను ఒకచోట కూర్చాను. ఏ ప్రశ్ననైనా విడిగా చదువుకోవచ్చు.

## సభకు రాకముందు, వచ్చిన కొత్తలో

హెలెన్ సుజ్మన్ ఎవరు? ఒక్క ముక్కలో చెప్పండి.

1953 నుంచి 1989 వరకు, అంటే 36 ఏళ్లపాటు, దక్షిణాఫ్రికా పార్లమెంటులో జొహన్నెస్‌బర్గ్ నగరంలోని హౌటన్ నియోజకవర్గానికి ప్రాతినిధ్యం వహించిన ప్రతిపక్ష సభ్యురాలు. ఆ కాలంలో 1961 నుంచి 1974 వరకు ప్రోగ్రెసివ్ పార్టీ తరఫున సభలో ఉన్నది ఆమె ఒక్కరే. జాతివివక్ష విధానాన్ని మొదలంటా వ్యతిరేకించే గొంతు ఆ పదమూడేళ్లూ ఆ సభలో దాదాపుగా ఆమెదే.

రాజకీయ కుటుంబం నుంచి వచ్చారా? మొదట ఏం చేసేవారు?

రాజకీయ కుటుంబం కాదు. ఆమె తల్లిదండ్రులు లిథువేనియా నుంచి వలస వచ్చిన యూదులు. 1917 నవంబరు 7న జొహన్నెస్‌బర్గ్ పక్కనున్న జెర్మిస్టన్ అనే గనుల పట్టణంలో పుట్టారు. పుట్టిన కొద్దిరోజులకే తల్లి చనిపోయింది. వైద్యుడు మోజెస్ సుజ్మన్‌ను పెళ్లి చేసుకున్నాక చదువు పూర్తిచేసి, విట్‌వాటర్స్‌రాండ్ విశ్వవిద్యాలయంలో ఆర్థిక చరిత్ర బోధించారు.

ఆమెను రాజకీయాల వైపు నడిపించింది ఒక విచారణ సంఘం పని. పట్టణాల్లో ఉండే ఆఫ్రికన్లకు వర్తించే చట్టాలను పరిశీలించడానికి 1946లో నియమించిన ఫేగన్ కమిషన్ ముందు జాతి సంబంధాల సంస్థ అనే పరిశోధన సంస్థ సాక్ష్యం సమర్పించాల్సి వచ్చింది, దానికి కావలసిన సమాచారాన్ని సేకరించే బాధ్యత ఆమె మీద పడింది. నల్లవారు నగరాల్లో ఉండాలన్నా, తిరగాలన్నా అనుమతి పత్రం దగ్గర ఉంచుకోవాలనే పాస్ చట్టాలు ఒక మనిషి ఉద్యోగాన్ని, ఇంటిని, భార్యాబిడ్డలతో కలిసి ఉండే హక్కును ఎలా తెంచిపారేస్తాయో కాగితాల సాక్షిగా తెలిసింది అప్పుడే. తర్వాతి రోజుల్లో సభలో ఆమె మాటకు వచ్చిన పదును ఆవేశం కంటే ఈ లెక్కల అలవాటు వల్లనే వచ్చిందని నా అభిప్రాయం.

నల్లవారికి ఓటు లేదంటారు కదా, మరి ఆ పార్లమెంటులో ఎవరెవరు ఉండేవారు?

ఉన్నవారంతా తెల్లవారే. ఆఫ్రికన్ల తరఫున ముగ్గురు తెల్లజాతి ప్రతినిధులు ఉండే ఏర్పాటు ఒకటి 1960 వరకు నడిచింది, ఆ సంవత్సరం దాన్నీ తీసేశారు. మిశ్రమ సంతతివారి పేరిట నలుగురు తెల్లజాతి సభ్యులు ఇంకొంత కాలం కొనసాగి, 1970 నాటికి వారూ లేకుండా పోయారు. భారతీయ సంతతివారి తరఫున మాట్లాడటానికి ఎవరూ లేరు. అంటే దేశంలో అత్యధిక సంఖ్యాకులను శాసించే చట్టాలను వారి ఓటు అక్కర్లేని సభ్యులు చేసేవారు. సుజ్మన్ కూడా తెల్లజాతి ఓటర్ల ఓట్లతోనే గెలిచారు, అది కూడా సంపన్నులు ఉండే పేట నుంచి. పాస్ చట్టం కింద పట్టుబడిన కార్మికుల గురించి ఆమె మాట్లాడితే ఆ కార్మికులు ఆమెకు ఓటు వేయలేరు. వేయగలిగినవారిలో చాలామందికి ఆ మాటలు రుచించవు.

మొదట గెలిపించిన పార్టీని ఎందుకు వదిలేశారు?

1953లో ఆమె యునైటెడ్ పార్టీ అభ్యర్థిగా గెలిచారు. 1948లో అధికారం పోగొట్టుకుని ప్రధాన ప్రతిపక్షంగా మారిన పార్టీ అది. అప్పటి పాలక పక్షమైన నేషనల్ పార్టీ తెచ్చే ప్రతి జాతివివక్ష చట్టానికీ వివరాల్లో అభ్యంతరాలు చెబుతూ, మూలసూత్రం దగ్గరికి వచ్చేసరికి తెల్లజాతి ఓటర్లు దూరమవుతారన్న భయంతో నీళ్లు నమలడం దానికి అలవాటైపోయింది. 1959 ఆగస్టులో బ్లూమ్‌ఫాంటైన్‌లో జరిగిన పార్టీ మహాసభ ఆఫ్రికన్లకు ఇస్తామన్న భూముల కోసం ప్రభుత్వం ఇంకా భూమి కొనడాన్ని వ్యతిరేకిస్తూ తీర్మానించింది. పాత ప్రధానులు ఇచ్చిన మాటను పార్టీయే తప్పుతోందని భావించిన ఉదారవాద సభ్యులు, వారితోపాటు సుజ్మన్, బయటికి వచ్చారు. ఆ నవంబరులో యాన్ స్టైట్లర్ నాయకత్వంలో ప్రోగ్రెసివ్ పార్టీ ఏర్పడింది.

## ఒంటరిగా పదమూడేళ్లు

పార్టీలో అందరూ ఓడిపోతే ఆమె ఒక్కరే ఎలా గెలిచారు?

1961 అక్టోబరు ఎన్నికల్లో నేషనల్ పార్టీకి 105 స్థానాలు, యునైటెడ్ పార్టీకి 49 స్థానాలు వచ్చాయి. ప్రోగ్రెసివ్ పార్టీకి దక్కింది హౌటన్ ఒక్కటే, అదీ 564 ఓట్ల ఆధిక్యంతో. పార్టీ అధ్యక్షుడు సహా మిగతావారంతా ఓడిపోయారు. హౌటన్‌లో చదువుకున్నవారు, వ్యాపారులు, యూదు కుటుంబాలవారు గణనీయంగా ఉండటం, ఎనిమిదేళ్లుగా ఆమె పనితీరు చూసి ఉండటం, ఇంటింటికీ తిరిగే కార్యకర్తల బలగం ఉండటం కలిసివచ్చాయి. బంగారం, వజ్రాల వ్యాపారంలో పేరుమోసిన హారీ ఒపెన్‌హైమర్ ఆ పార్టీకి ఆర్థికంగా దన్నుగా నిలిచారన్నది కూడా దాచిపెట్టాల్సిన విషయమేమీ కాదు.

ఒక్క సభ్యురాలు ఏం చేయగలదు? ఒక్క చట్టాన్నైనా ఆపగలిగారా?

ఆ పదమూడేళ్లలో తన ఓటుతో ఆమె ఏ జాతివివక్ష చట్టాన్నీ ఆపలేదు. ఆపే వీలు కూడా లేదు. ప్రభుత్వానికి తిరుగులేని మెజారిటీ ఉంది, రాజ్యాంగం పార్లమెంటుకే సర్వాధికారం కట్టబెట్టింది, చట్టం అన్యాయమైనదని కొట్టివేసే అధికారం కోర్టులకు లేదు.

ఆపలేకపోయినా ఆమె చేసిన పనులు మూడు రకాలు. సభ ముందుకు వచ్చిన ప్రతి ముఖ్యమైన బిల్లు మీదా మాట్లాడి, దానివల్ల ఎవరి జీవితం ఎలా దెబ్బతింటుందో అధికారిక నివేదికలోకి ఎక్కించారు. ఒక పార్టీకి తానొక్కరే ప్రతినిధి కావడంతో భూముల దగ్గర్నుంచి జైళ్ల దాకా ప్రతి అంశమూ ఆమెదే. పని పంచుకునేవారు లేరు, పార్టీ విప్ చేత మాట మార్పించుకునే అవసరమూ లేదు. రెండోది, మంత్రులను లిఖితపూర్వక ప్రశ్నలతో వెంటాడటం. మూడోది, ఓటు లేని మనుషుల అర్జీలను పట్టుకుని మంత్రుల గదుల చుట్టూ, అధికారుల చుట్టూ తిరగడం. ఒక భార్యకు భర్తతో నగరంలో ఉండే అనుమతి ఇప్పించడం, నిషేధాజ్ఞల కింద (అంటే విచారణ లేకుండానే కదలికల మీద, మాటల మీద ప్రభుత్వం ఆంక్షలు పెట్టగా) ఉన్న వ్యక్తి కుటుంబంలో ఎవరి అంత్యక్రియలకో వెళ్లేందుకు మినహాయింపు సాధించడం వంటివి చరిత్ర పుస్తకాలకు చిన్నవి. వాటికోసం ఆమెకు ఉత్తరాలు రాసినవారికి చిన్నవి కావు.

ప్రశ్నలడిగితే ఏమొస్తుంది? మంత్రులు దాటవేయరా?

దాటవేసేవారు, విసుక్కునేవారు, అడ్డుతగిలేవారు. అయినా జవాబు ఇవ్వక తప్పేది కాదు, ఎందుకంటే దక్షిణాఫ్రికా పాలకులు తమది బ్రిటిష్ సంప్రదాయంలో నడిచే చట్టబద్ధమైన పార్లమెంటు అని ప్రపంచానికి చెప్పుకునేవారు. ఆ గొప్పను నిలబెట్టుకోవాలంటే ప్రశ్నోత్తరాల సంప్రదాయాన్ని కాపాడక తప్పదు. సుజ్మన్ సరిగ్గా ఆ కీలును పట్టుకున్నారు.

ఆమె ప్రశ్నల్లో ఉపన్యాసం ఉండదు. విచారణ లేకుండా ఎంతమందిని నిర్బంధించారు, వారిలో పద్దెనిమిదేళ్లలోపువారు ఎందరు? పాస్ చట్టాల కింద ఎన్ని కేసులు పెట్టారు? ఎందరికి కొరడా దెబ్బల శిక్ష అమలైంది? తెల్లపిల్ల చదువుకు ఎంత ఖర్చవుతోంది, నల్లపిల్ల చదువుకు ఎంత? ఒక జాతి నుంచి మరో జాతికి ఎందరిని మార్చి నమోదు చేశారు? పోలీసు నిర్బంధంలో ఎందరు చనిపోయారు, ఏ కారణం చూపారు? మన శాసనసభల్లో నక్షత్రపు గుర్తు లేని ప్రశ్నలకు వచ్చే పొడి జవాబుల్లాంటివే అక్కడా వచ్చేవి. పాస్ చట్టాల కేసులు ఏటా లక్షల్లో ఉన్నాయన్న సంగతి సాక్షాత్తూ మంత్రి నోట వచ్చేసరికి, అది ప్రతిపక్షపు ఆరోపణ స్థాయి దాటి ప్రభుత్వ అంగీకారంగా మారిపోయేది. పత్రికలు దాన్ని అచ్చువేసేవి, జాతి సంబంధాల సంస్థ తన వార్షిక సర్వేలో చేర్చేది, విదేశాల్లోని ఉద్యమకారులు వాటినే ఉటంకించేవారు.

ఇలాంటి ప్రశ్నలతో దక్షిణాఫ్రికా పరువు తీస్తున్నారని ఒక మంత్రి మండిపడితే, పరువు తీస్తున్నది తన ప్రశ్నలు కావనీ, వారి జవాబులేననీ ఆమె బదులిచ్చారు. ఆమె పేరు చెప్పగానే అందరూ ఎత్తే మాట ఇదే.

90 రోజుల నిర్బంధ చట్టం సంగతి ఏమిటి? ఆ రోజు నిజంగా ఒక్కరే వ్యతిరేకించారా?

అవును. 1963లో న్యాయశాఖ మంత్రి జాన్ వోర్‌స్టర్ తెచ్చిన సాధారణ చట్టాల సవరణ బిల్లు ప్రకారం, రాజకీయ నేరం చేశాడనో, దాని గురించి సమాచారం ఉందనో అనుమానం కలిగితే చాలు, పోలీసు అధికారి వారెంటు లేకుండా ఎవరినైనా 90 రోజులు ఏకాంతంలో బంధించవచ్చు. గడువు ముగిశాక వదిలి, గడప దాటకముందే మళ్లీ 90 రోజులకు పట్టుకోవచ్చు. విడుదల చేయమని ఆదేశించే అధికారం కోర్టులకు ఉండదు.

అదే బిల్లులో మరో నిబంధనను ఒకే ఒక్క మనిషి కోసం రాశారు. పాన్ ఆఫ్రికనిస్ట్ కాంగ్రెస్ నాయకుడు రాబర్ట్ సోబుక్వేకు 1960లో పడిన మూడేళ్ల శిక్ష పూర్తయిపోతోంది. శిక్ష ముగిసినా ఖైదీని ఇంకా ఉంచుకునే అధికారాన్ని మంత్రికి కట్టబెట్టారు. ఏడాదికోసారి దాన్ని పొడిగిస్తూ 1969 వరకు ఆయన్ను కేప్‌టౌన్ దగ్గరి జైలు ద్వీపమైన రాబెన్ ద్వీపంలో ఒక విడి ఇంట్లో ఉంచారు. ఏటా పొడిగింపు సభకు వచ్చినప్పుడల్లా సుజ్మన్ లేచి వ్యతిరేకించేవారు.

బిల్లు మూలసూత్రం మీద ఓటింగు వచ్చినప్పుడు, చట్టబద్ధ పాలన గురించి ఎన్నో ఉపన్యాసాలిచ్చిన యునైటెడ్ పార్టీ సభ్యులు లేచి ప్రభుత్వ పక్షాన కూర్చున్నారు. ఎదుటివైపు ఖాళీ బల్లల మధ్య ఆమె ఒక్కరే మిగిలారు. ఆ చట్టం కింద ఏం జరగబోతోందో తెలియడానికి ఎక్కువ కాలం పట్టలేదు. ఆ సెప్టెంబరులోనే లుక్‌స్మార్ట్ న్గూడ్లే అనే కార్యకర్త నిర్బంధంలో ప్రాణాలు కోల్పోయాడు. పాత్రికేయురాలు రూత్ ఫస్ట్‌ను 117 రోజులు ఒంటరి గదిలో ఉంచారు. మండేలా పార్టీ అయిన ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ అధ్యక్షుడు ఆల్బర్ట్ లుథూలీ సుజ్మన్‌కు ఉత్తరం రాసి, చీకటి నిండిన సభలో వెలుగుతున్న చుక్కగా ఆమెను అభినందించారు. 1967లో గడువే లేని నిర్బంధానికి వీలిచ్చే ఉగ్రవాద చట్టం వచ్చినప్పుడూ సభలో వ్యతిరేకించింది ఆమె ఒక్కరే.

అంత నిరంకుశ ప్రభుత్వం ఆమెను ఎందుకు అరెస్టు చేయలేదు?

మొదటి కారణం చర్మం రంగు, దాన్ని ఆమె కూడా దాచుకోలేదు. రెండోది పార్లమెంటు సభ్యుల హక్కులు: సభలో అన్న మాటకు కోర్టులో జవాబుదారీ ఉండదు. ఈ రక్షణను ఆమె తన ఒక్కరి కోసం వాడుకోలేదు. నిషేధాజ్ఞలు ఉన్న వ్యక్తి మాటను పత్రికలు ఉటంకించడం నేరం. అదే మాటను సుజ్మన్ సభలో చదివితే, సభా కార్యక్రమాల వార్తగా పత్రికలు దాన్ని ప్రచురించవచ్చు. జైళ్ల పరిస్థితుల గురించి రాసిన పత్రికలను శిక్షించే చట్టం 1959 నుంచే ఉంది. సభలో ప్రస్తావిస్తే ఆ చిక్కూ తగ్గేది. మూడో కారణం, మా దేశంలో స్వేచ్ఛగా మాట్లాడే ప్రతిపక్షం ఉందని విదేశాలకు చూపించుకోవడానికి ప్రభుత్వానికి ఆమె పనికొచ్చారు.

వేధింపులు లేకపోలేదు. ఫోను సంభాషణలు వింటున్నారని ఆమెకు తెలుసు. వినేవాడి చెవి అదిరేలా ఫోనులో ఈల ఊదేవారు.

సభలో వెక్కిరింతలను, బెదిరింపులను ఎలా ఎదుర్కొన్నారు?

మాస్కో పొమ్మనీ, ఇజ్రాయెల్ పొమ్మనీ అరిచేవారు. యూదు మూలాల మీద ఎత్తిపొడుపులు, ఆడమనిషన్న చులకన మామూలే. ఆమె కూడా మెతకగా ఉండే రకం కాదు. నల్లవారి పేటలకు ఒక్కసారి వెళ్లి చూడమని మంత్రులకు సలహా ఇస్తూ, అయితే ఎవరూ గుర్తుపట్టకుండా మనుషుల వేషం వేసుకుని మరీ వెళ్లమని అన్నారు.

అన్నిటికంటే దారుణమైన రోజు 1966 సెప్టెంబరు 6. ప్రధానమంత్రి హెండ్రిక్ వెర్వోర్డ్‌ను సభలోనే దిమిత్రి త్సఫెండాస్ అనే పార్లమెంటు సందేశవాహకుడు కత్తితో పొడిచి చంపాడు. ఆ గందరగోళంలో మంత్రి పి.డబ్ల్యు. బోతా ఆమె వైపు వేలు చూపిస్తూ, మీ ఉదారవాదుల రెచ్చగొట్టుడు వల్లే ఇది జరిగిందనీ, మీ అందరి సంగతి చూస్తామనీ కేకలు వేశాడు. ఆమె సభాపతికి ఫిర్యాదు చేసి, ఆయన చేత క్షమాపణ చెప్పించారు. పన్నెండేళ్ల తర్వాత అదే బోతా ప్రధానమంత్రి అయ్యాడు. ఇద్దరి మధ్యా సయోధ్య ఎన్నడూ కుదరలేదు.

ఇంత జరిగినా ఆమె సభను బహిష్కరించి బయటికి నడిచే దారి ఎంచుకోలేదు. ప్రతిపక్షమంటే వెల్‌లోకి దూసుకెళ్లడం, కాగితాలు చించడం అని అలవాటుపడిన మన కళ్లకు ఇది చప్పగా కనిపించవచ్చు. ఉన్న ఒక్క కుర్చీ ఖాళీ అయితే అక్కడ అడిగేవారే ఉండరన్నది ఆమె లెక్క.

## సభ గోడల బయట

మండేలాను జైల్లో కలిశారన్నది నిజమేనా? దానివల్ల ఖైదీలకు ఏం ఒరిగింది?

నిజమే. ఎన్నోసార్లు అడిగాక 1967లో రాబెన్ ద్వీపం వెళ్లడానికి అనుమతి దొరికింది. ఏకాంత గదుల వరుసలో మొదటి ఖైదీలను పలకరించగా, మాతో సమయం వృథా చేయకండి, చివరి గదిలో మండేలా ఉన్నారు, ఆయనతో మాట్లాడండి అని చెప్పారు. జైళ్ల ఉన్నతాధికారి పక్కనే నిలబడి ఉండగా మండేలా ఏమాత్రం తొణక్కుండా తిండి, బట్టలు, చదువు, పని, వార్డర్ల ప్రవర్తన గురించి ఒక్కొక్కటే వివరించారు. చేతి మీద నాజీల స్వస్తిక పచ్చబొట్టు పొడిపించుకున్న ఒక వార్డరు పెడుతున్న బాధలు వాటిలో ముఖ్యమైనవి.

ఆమె కేప్‌టౌన్ తిరిగివచ్చి విషయాన్ని పైవాళ్ల దగ్గర పట్టుబట్టారు. కొద్దికాలానికి ఆ వార్డరును ద్వీపం నుంచి తప్పించారు, పరిస్థితులు కొంత మెరుగుపడ్డాయి. జైళ్ల సందర్శన ఆ ఒక్కసారితో ఆగలేదు. తర్వాతి ఏళ్లలోనూ కొనసాగింది. తమ గదుల ముందుకు వచ్చి నిలబడిన ఆ మహిళను చూడటం ఎంత వింతగా, ఎంత ఆనందంగా అనిపించిందో మండేలా తన ఆత్మకథలో రాసుకున్నారు.

ఢిల్లీలో కూర్చుని మాట్లాడే నాయకుల్లా ఆమె కూడా కాగితాల మీదే ఆధారపడ్డారా?

లేదు. వెళ్లి కళ్లారా చూడాలన్నది ఆమె నియమం. నల్లవారిని వారి ఊళ్ల నుంచి లారీల్లో తరలించి బయలు నేలల్లో దింపిన లైమ్‌హిల్ వంటి పునరావాస ప్రాంతాలకు, బుల్‌డోజర్లు కూల్చిన గుడిసెల దగ్గరికి, బ్రాండ్‌ఫోర్ట్ అనే ఊళ్లో ప్రవాసంలో ఉంచిన, మండేలా భార్య విన్నీ ఇంటికి వెళ్లారు. పార్లమెంటు ఏడాది తొలి సగంలో కేప్‌టౌన్‌లో సమావేశమయ్యేది. మిగతా నెలలను ఆమె ఈ తిరుగుళ్లకు వాడుకునేవారు. సభలో మంత్రి అంతా సజావుగా ఉందని చెప్పినప్పుడు, నేను పోయిన నెల అక్కడే ఉన్నాను అనగలగడం చర్చ తీరునే మార్చేసేది.

## తోడు దొరికాక

1974 తర్వాత ఏం మారింది?

ఆ ఏడాది మరో ఆరుగురు ప్రోగ్రెసివ్ సభ్యులు సభలోకి వచ్చారు. కాలిన్ ఎగ్లిన్, ఫ్రెడరిక్ వాన్ జైల్ స్లాబర్ట్, అలెక్స్ బొరైన్ వారిలో ఉన్నారు. యునైటెడ్ పార్టీ ముక్కలై అంతరించాక, 1977 ఎన్నికల్లో 17 స్థానాలతో ప్రోగ్రెసివ్ ఫెడరల్ పార్టీ ప్రధాన ప్రతిపక్షమైంది. ఆమె నాయకత్వ పదవి కోరుకోలేదు. పోలీసు, జైళ్లు, పౌరహక్కులు తన వంతుగా ఉంచుకున్నారు. నల్లజాతి చైతన్య ఉద్యమ నాయకుడు స్టీవ్ బీకో 1977 సెప్టెంబరు 12న పోలీసు నిర్బంధంలో మరణించాక, న్యాయశాఖ మంత్రి జిమ్మీ క్రూగర్‌ను తీవ్రంగా నిలదీసినవారిలో ఆమె ముందున్నారు. 1986లో పాస్ చట్టాలు రద్దయినప్పుడు, దాదాపు నలభై ఏళ్ల క్రితం కమిషన్ కోసం ఆమె సేకరించిన లెక్కలకు ఒక ముగింపు దొరికింది.

అక్కడి తెలుగువారికి, భారతీయులకు ఆమె రాజకీయాలతో సంబంధం ఉందా?

ఉంది. 1860 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి నటాల్ చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్లినవారిలో తెలుగువారు గణనీయంగా ఉన్నారు. డర్బన్ ప్రాంతంలో స్థిరపడిన వారి వారసులు 1931లో ఆంధ్ర మహాసభను ఏర్పాటు చేసుకున్నారు. జాతులవారీగా నివాస ప్రాంతాలు కేటాయించే 1950 నాటి చట్టం కింద కేటో మేనర్ వంటి చోట్ల నుంచి ఖాళీ చేయించి చాట్స్‌వర్త్‌కు పంపిన భారతీయ కుటుంబాల్లో వారూ ఉన్నారు. సుజ్మన్ సభా జీవితమంతా వ్యతిరేకించిన చట్టాల్లో అది ఒకటి.

1983 రాజ్యాంగం భారతీయులకూ, మిశ్రమ సంతతివారికీ విడివిడిగా సభలు ఇస్తామంది. తెల్లవారి సభలో 178 మంది, మిశ్రమ సంతతి సభలో 85 మంది, భారతీయుల సభలో 45 మంది. సభల మధ్య పేచీ వచ్చినా తెల్లవారి మాటే చెల్లేలా అమర్చారు. ఆఫ్రికన్లకు అసలు చోటే లేదు. సుజ్మన్ పార్టీ ఆ ఏడాది నవంబరు రెఫరెండంలో వద్దని ప్రచారం చేసింది, కానీ తెల్లజాతి ఓటర్లలో మూడింట రెండొంతులమంది ఔనన్నారు. 1984 ఆగస్టులో భారతీయుల సభకు ఎన్నికలు జరిగితే, నమోదైన ఓటర్లలో సుమారు అయిదో వంతు మాత్రమే పోలింగుకు వెళ్లారు.

ఆర్థిక ఆంక్షలను ఆమె వ్యతిరేకించారట, అది ద్రోహం కాదా?

వ్యతిరేకించారన్నది నిజం. ఉద్యోగాలు పోతే మొదట రోడ్డున పడేది నల్లజాతి కార్మికులేననీ, ఆర్థికాభివృద్ధి వల్ల నగరాల్లో నల్లవారి బలం పెరిగి జాతివివక్ష లోపలి నుంచే కూలుతుందనీ ఆమె వాదించారు. ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్, విదేశాల్లోని ఉద్యమం ఈ వాదాన్ని తిప్పికొట్టాయి. కష్టం భరించడానికి తాము సిద్ధమేనని ఆ కార్మికుల సంఘాల్లోనే ఎందరో అన్నారు. 1980ల చివర బోతా ప్రభుత్వాన్ని ఇరకాటంలో పెట్టినవాటిలో విదేశీ బ్యాంకులు అప్పులు నిలిపివేయడం ఒకటి. నా దృష్టిలో ఈ విషయంలో ఆమె అంచనా తప్పింది. అయితే దీన్ని ద్రోహమనడం అతిశయోక్తి. ఈ అభిప్రాయాన్ని ఆమె ఎవరి మెప్పు కోసమూ దాచలేదు, మార్చుకోనూ లేదు.

అన్యాయపు సభలో కూర్చోవడమే దానికి మర్యాద ఇచ్చినట్టు కాదా?

దీనికి సులువైన జవాబు లేదు, ఆమెను గౌరవించేవారిలోనూ ఏకాభిప్రాయం లేదు. విమర్శకుల చేతిలో బలమైన ఆధారాలున్నాయి. ఆమె పార్టీ చాలాకాలం చదువు, ఆస్తి అర్హతలతో కూడిన ఓటు హక్కునే కోరింది. వయోజనులందరికీ ఓటు అన్న విధానానికి 1978లో గాని రాలేదు. వేర్వేరు జాతులవారు ఒకే పార్టీలో ఉండకూడదని 1968లో చట్టం వచ్చినప్పుడు లిబరల్ పార్టీ తనను తాను రద్దు చేసుకుంది. ప్రోగ్రెసివ్ పార్టీ మాత్రం నిరసన తెలిపి, తెల్లవారికే పరిమితమై కొనసాగింది. 1986 ఫిబ్రవరిలో ప్రతిపక్ష నాయకుడు స్లాబర్ట్ ఈ పార్లమెంటుతో ఇక ప్రయోజనం లేదని సభ నుంచే తప్పుకున్నప్పుడు, సుజ్మన్ ఆయన మీద తీవ్రంగా కోపగించారు.

ఇంకో వైపు నుంచి చూస్తే, నిర్బంధంలో ఉన్నవారి భార్యలు, నిషేధాజ్ఞల కింద నలిగినవారు, రాబెన్ ద్వీపపు ఖైదీలు ఆమెను సభ వదిలి రమ్మని అడగలేదు. తమ ఉత్తరాలను ఆ చిరునామాకే పంపారు. నాకు ఈ రెండోదే ఎక్కువ బరువుగా కనిపిస్తుంది, విమర్శల్లో ఒక్కటీ అబద్ధం కాకపోయినా.

## చివరి ఘట్టం

చివరిగా సభలో లేవనెత్తిన అంశం ఏది?

1989లో, పదవీవిరమణకు కొద్ది నెలల ముందు, ఒక నల్లజాతి కూలీని కొట్టి చంపిన తెల్లజాతి రైతుకు జైలు లేకుండా తేలికపాటి శిక్షతో సరిపుచ్చిన న్యాయమూర్తి మీద ఆమె తీర్మానం ప్రతిపాదించారు. న్యాయమూర్తులను సభలో విమర్శించడం ఎంతో అరుదు, ఆమె పక్షంలోనే కొందరికి ఇబ్బందిగా అనిపించింది. తీర్మానం వీగిపోయింది. ఆ ఏడాది సెప్టెంబరు ఎన్నికల్లో ఆమె పోటీ చేయలేదు.

పదవి వదిలాక ఏం చేశారు? కొత్త ప్రభుత్వంతో ఎలా ఉన్నారు?

ఆమె తప్పుకున్న కొన్ని నెలలకే, 1990 ఫిబ్రవరి 2న, అధ్యక్షుడు డి క్లర్క్ ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ మీద నిషేధం ఎత్తివేశారు. జాతి సంబంధాల సంస్థకు ఆమె అధ్యక్షురాలిగా పనిచేశారు. అందరూ ఓటు వేసిన 1994 ఎన్నికలను నడిపిన స్వతంత్ర ఎన్నికల సంఘంలో సభ్యురాలయ్యారు. 1996 డిసెంబరు 10న షార్ప్‌విల్‌లో మండేలా కొత్త రాజ్యాంగం మీద సంతకం చేసినప్పుడు ఆమె అక్కడే ఉన్నారు. అంతకు ముప్పై ఆరేళ్ల క్రితం పాస్ చట్టాలకు వ్యతిరేకంగా గుమిగూడిన 69 మందిని పోలీసులు కాల్చి చంపిన పట్టణం అది.

స్నేహితులు అధికారంలోకి వచ్చారని ఆమె ప్రశ్నలు ఆగలేదు. ఎయిడ్స్ విషయంలో, జింబాబ్వే విషయంలో అధ్యక్షుడు తాబో ఎంబెకీ వైఖరిని బాహాటంగా తప్పుపట్టారు. 2009 జనవరి 1న జొహన్నెస్‌బర్గ్‌లో, 91 ఏళ్ల వయసులో కన్నుమూశారు.